విదేశయానం.. వికాసమా? విహారమా?

* ప్రయోజనం పెట్టే ఖర్చులో లేదు.. చేసే పనిలో ఉంది
* ముంగిట్లోనే తొలి మెట్టు.. ఇక్రిశాట్, ఐఐటీ చేరువలో బీరంగూడ
* పిలుపు ఎవరిదో తెలియకుండా అప్పు చేస్తే ముప్పే

బీరంగూడ (సంగారెడ్డి జిల్లా): తెల్లవారితే బీరంగూడ కమాన్ వద్ద రెండు రకాల బస్సులు ఆగుతాయి. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలకు కార్మికులను చేరవేసేవి కొన్ని. విద్యార్థులను ఇంజినీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలలకు తీసుకెళ్లేవి మరికొన్ని. తాము మొదటి బస్సు ఎక్కినా పిల్లలు రెండో బస్సు ఎక్కాలన్నదే ఇక్కడి తల్లిదండ్రుల తపన. వివిధ జిల్లాల నుంచి వలస వచ్చి ముంబయి జాతీయ రహదారి పొడవునా స్థిరపడిన కుటుంబాలన్నింటి కథ దాదాపు ఇదే.

ఆ తపనకు ఇప్పుడు విదేశీ అధ్యయన యాత్ర, విదేశీ ఇంటర్న్‌షిప్ అనే రెండు కొత్త ఖర్చులు తోడయ్యాయి. రెండు వారాలు సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో, ఐరోపాలోనో గడిపి వస్తే బిడ్డ భవిష్యత్తు మారిపోతుందన్న ప్రచారం మధ్యతరగతి గడపలను దాటి కార్మికుల ఇళ్లకూ చేరుతోంది. విమాన టికెట్లు, వీసా, బస, భోజనం కలిపితే వ్యయం లక్షల్లోకి వెళుతుంది. చేతిలో సొమ్ము లేనివారు చీటీ పాడో, బంగారం కుదువపెట్టో, ఊళ్లో మిగిలిన కొద్దిపాటి పొలం అమ్మో సమకూర్చుకోవాల్సిందే. అంత వ్యయానికి తగిన ఫలం దక్కుతుందా? దక్కాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడం అత్యవసరం.

యాత్ర వేరు.. శిక్షణ వేరు

ముందుగా గ్రహించాల్సింది ఈ రెండింటి మధ్య తేడా. అధ్యయన యాత్ర అంటే చూసి తెలుసుకోవడం. విశ్వవిద్యాలయం, ప్రయోగశాల, కర్మాగారం, ప్రదర్శనశాల వంటివి సందర్శించి, అక్కడివారితో మాట్లాడి, పది పదిహేను రోజుల్లో తిరిగిరావడం. ఇంటర్న్‌షిప్ అంటే చేసి నేర్చుకోవడం. ఒక సంస్థలో, ఒక నిపుణుడి పర్యవేక్షణలో, నిర్దిష్టమైన పనిని కొన్ని వారాలో, నెలలో చేసి, చివరకు ఫలితం చూపడం.

వీసాలూ వేర్వేరే. పర్యాటక వీసాపై వెళ్లి సంస్థలో పనిచేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. అమెరికాలో ఇంటర్న్‌షిప్ కోసం ఇక్కడి నుంచి వెళ్లే విద్యార్థికి సాధారణంగా జే-1 వీసా కావాలి. దానికి అక్కడి ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ బాధ్యత వహిస్తూ పత్రం ఇవ్వాలి. ‘టూర్ కమ్ ఇంటర్న్‌షిప్’ అంటూ రెండింటినీ ఒకే మూటగా కట్టి, పర్యాటక వీసా చేతిలో పెడితే అందులో శిక్షణ పాలు ఎంతో తల్లిదండ్రులే లెక్కవేసుకోవచ్చు. కర్మాగారం గేటు ముందు దిగిన ఫొటో, చివరి రోజు అందే ధ్రువపత్రం ఉద్యోగమిచ్చే యజమానిని మెప్పించలేవు. ‘అక్కడ నువ్వు ఏం చేశావు?’ అన్నదే ఇంటర్వ్యూలో ఎదురయ్యే తొలి ప్రశ్న.

లాభం లేదనలేం..

అలాగని విదేశీ అనుభవాన్ని తీసిపారేయడం పొరపాటు. చక్కగా సాగిన యాత్ర విద్యార్థి చూపును విశాలం చేస్తుంది. తెలియని వారితో మాట్లాడటం, భాష తడబడినా భావం చెప్పగలగడం, సమయపాలన, తన పనికి తానే జవాబుదారీ కావడం వంటివి తరగతి గదిలో అంత తేలిగ్గా అబ్బవు. ఇంటర్న్‌షిప్ మరో అడుగు ముందుకు వేయిస్తుంది. పని విధానం తెలుస్తుంది. రోజువారీ ప్రయోగాల పుస్తకం రాయడం అలవాటవుతుంది. పని చూసిన ఆచార్యుడు ఇచ్చే సిఫారసు లేఖ పై చదువులకు ఊతమవుతుంది.

పటాన్‌చెరు ప్రాంతానికి అన్నింటికన్నా విలువైన పాఠం మరొకటి ఉంది. అది భద్రత. క్రమశిక్షణ గల ప్రయోగశాలలో కొత్తగా చేరిన విద్యార్థికి మొదట నేర్పేది ప్రయోగం కాదు. ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలి, ఏ రసాయనం దేనితో కలవకూడదు, అద్దాలు, చేతితొడుగులు లేకుండా ఎక్కడ అడుగు పెట్టకూడదు అన్నవే తొలి పాఠాలు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ రంగానికి ముడిసరుకు తయారుచేసే పరిశ్రమలో సంభవించిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలిగొన్నది. ఆ పొగను కళ్లారా చూసిన ప్రాంతపు రసాయనశాస్త్ర విద్యార్థి విదేశాల నుంచి ఏదైనా మోసుకురావాల్సి ఉంటే, ఇదే ముందుండాలి. రేపు అదే పారిశ్రామికవాడలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేరేది అతడే మరి.

జేబు చూసి కాదు.. ప్రతిభ చూసి

డబ్బున్నవారి పిల్లలకే విదేశీ అనుభవం దక్కాలన్న నియమమేమీ లేదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులు పది మంది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి సదస్సు సందర్భంగా అమెరికాలో పర్యటించారు. వారిలో అత్యధికులు బాలికలే. ఆడపిల్లను ఒంటరిగా పక్క జిల్లాకు పంపడానికే జంకే కుటుంబాలకు అదొక కనువిప్పు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులూ అమెరికా ప్రభుత్వ విద్యార్థి వినిమయ కార్యక్రమానికి ఎంపికై, అక్కడి కుటుంబాలతో కలిసి ఉంటూ విద్యా సంవత్సరం పాటు చదివి వచ్చారు.

పాఠశాల స్థాయిలో మరో దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ‘ఇన్‌స్పైర్ మనక్’ పథకం కింద కొత్త ఆలోచనతో ముందుకొచ్చి ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి రూ.10 వేలు అందుతాయి. జిల్లా, రాష్ట్ర స్థాయులు దాటి జాతీయ స్థాయిలో రాణించిన వారిలో కొందరు జపాన్‌లో ‘సకురా’ విజ్ఞాన కార్యక్రమానికి వెళ్లివచ్చారు. సకురాను జపాన్ 2014లో ప్రారంభించింది. ఇక్కడ టికెట్ కొనిపించింది తండ్రి జేబు కాదు, విద్యార్థి ఆలోచన. మన ప్రాంత ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్ని ఇన్‌స్పైర్ దరఖాస్తులు సకాలంలో వెళుతున్నాయో ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు ఏటా చూసుకోవాల్సిన విషయం.

కళాశాల స్థాయిలో జర్మనీకి చెందిన డీఏఏడీ సంస్థ ‘వైజ్’ పేరిట ఎంపికచేసిన విద్యాసంస్థల శాస్త్ర, ఇంజినీరింగ్ విద్యార్థులకు భృతి ఇచ్చి వేసవి ఇంటర్న్‌షిప్ కల్పిస్తోంది. కెనడాకు చెందిన మైటాక్స్ సంస్థ నిర్వహించే గ్లోబలింక్‌లో విద్యార్థి పన్నెండు వారాలు ఆచార్యుడి వద్ద పరిశోధన చేస్తాడు. వీటిలో ఎంపిక కఠినం. అర్హత గల కళాశాలల జాబితా పరిమితం. గడువు యాత్రకు చాలా నెలల ముందే ముగుస్తుంది. అందువల్ల మొదటి సంవత్సరం నుంచే మార్కులతో పాటు చిన్నపాటి పరిశోధన అనుభవం కూడబెట్టుకున్న వారికే అవకాశం.

ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది? దీనికి జవాబు బీరంగూడకు కూతవేటు దూరంలోనే ఉంది.

ముంగిట్లోనే ప్రపంచం

బీరంగూడ నుంచి పది కిలోమీటర్లలోపే పటాన్‌చెరు ఇక్రిశాట్ ఉంది. 1972లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలు తమ చోటును వదులుకున్నాయి. సుమారు 1,400 హెక్టార్ల ఆ ప్రాంగణంలోని జన్యునిధిలో 144 దేశాల నుంచి సేకరించిన 1.20 లక్షలకు పైగా విత్తన నమూనాలు భద్రంగా ఉన్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ.. అన్నీ మన పొలాల్లోని పంటలే. ఆఫ్రికా, ఐరోపా, ఆసియా దేశాల విద్యార్థులు విమానమెక్కి ఇక్కడికి వచ్చి శిక్షణ పొందుతుంటారు. వారికి పటాన్‌చెరు విదేశీ ఇంటర్న్‌షిప్! గోడకు ఇవతలి విద్యార్థికి మాత్రం అది బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చని చెట్ల వరుస.

మరికొంత ముందుకెళితే కంది వద్ద ఐఐటీ హైదరాబాద్. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తరగతులు మొదలుపెట్టి, తరువాత కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. దీని నిర్మాణానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ రుణం సమకూర్చింది. అక్కడితో ఆగక, 2012లో ప్రారంభమైన ‘ఫ్రెండ్‌షిప్’ కార్యక్రమం ద్వారా ఐఐటీ విద్యార్థులు జపాన్ విశ్వవిద్యాలయాల్లో ఉన్నత చదువులకు ఉపకార వేతనాలతో వెళ్లే వీలు కల్పించింది. పరిశోధన బంధాలు, పరిశ్రమలతో పరిచయం, జపనీస్ భాషా బోధన ఒకదానికొకటి తోడయ్యాయి. విదేశీ ఇంటర్న్‌షిప్ సఫలం కావాలంటే రెండు సంస్థల మధ్య ఏళ్ల తరబడి సాగే బంధం వెనుక ఉండాలనడానికి జిల్లాలోనే కనిపించే ఉదాహరణ ఇది. ఇదే ఐఐటీ వేసవిలో ‘ష్యూర్’ పేరిట బయటి కళాశాలల డిగ్రీ స్థాయి విద్యార్థులకూ పరిశోధన అనుభవం కల్పిస్తోంది.

చేరువలోని దాన్ని మనం చూడకపోతే దూరంవారు వచ్చి చూస్తారనడానికీ నిదర్శనం ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేల్చారు. ఔషధ వ్యర్థాలు, మందులకు లొంగని సూక్ష్మజీవులపై ప్రపంచవ్యాప్త చర్చలో పటాన్‌చెరు పేరు నేటికీ వినిపించడానికి ఆ అధ్యయనమే కారణం. ఇసుకవాగు, నక్కవాగు ఒడ్డున పుట్టి పెరిగిన విద్యార్థికి ఆ ప్రశ్న తట్టి ఉంటే? నమూనా సేకరించే పద్ధతి తెలిసి ఉంటే? విదేశీ శిక్షణ ఇవ్వాల్సింది ఆ చూపునే.

అమీన్‌పూర్ చెరువునే తీసుకుందాం. కుతుబ్‌షాహీల కాలం నాటి ఈ జలాశయాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఏడాది పాటు వారానికోసారి అక్కడి పక్షులను లెక్కించి, నీటి నాణ్యతను నమోదుచేసిన బీఎస్సీ విద్యార్థి విదేశీ ఆచార్యుడికి రాసే లేఖకు బలం ఉంటుంది. చేతిలో పని లేకుండా ‘నాకు అవకాశమివ్వండి’ అని రాసే లేఖలు ఆయన పెట్టెలో వందలు ఉంటాయి.

జహీరాబాద్ మహిళలు చూపిన బాట

ఈ విషయంలో చదువుకున్నవారికి పాఠం చెప్పగలిగినవారు జిల్లాలోనే ఉన్నారు. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాల సాగును, పాత విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. బడికి వెళ్లని వారిలో కొందరు కెమెరా పట్టడం నేర్చారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి రైతుల వెతలను చిత్రీకరించడంతో ఆగక, అదే ప్రశ్నతో ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాలకు వెళ్లి అక్కడి రైతుల అనుభవాలను చిత్రాలుగా మలిచారు. 2008లో మాచ్‌నూర్‌లో సొంతంగా సంఘం రేడియోను ప్రారంభించుకున్నారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది.

వారికి ఆంగ్లం రాదు. డిగ్రీ లేదు. అయినా వారి విదేశయానం వృథా కాలేదు. వెళ్లేముందే వారి వద్ద తమ పొలంలో పుట్టిన ప్రశ్న ఒకటుంది. తిరిగివచ్చి చూపడానికి పనీ ఉంది. తెచ్చినది పంచుకోవడానికి సంఘం ఉంది. వేల రూపాయల సూట్‌కేసుతో బయలుదేరే విద్యార్థి వద్ద ఈ మూడింటిలో ఎన్ని ఉన్నాయో కుటుంబం ఆలోచించుకోవాలి.

ముసుగులు.. ముప్పులు

ఇంటర్న్‌షిప్ పేరిట సాగిన మోసాలు తెలుగువారికి కొత్త కాదు. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అధికారులు దాడి చేశారు. అందులో చేరిన వారిలో అత్యధికులు నాటి ఉమ్మడి రాష్ట్ర విద్యార్థులే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు బిగించిన దృశ్యాలు ఇక్కడి తల్లిదండ్రులను కలచివేశాయి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ వ్యవహారం వెలుగుచూసింది. ఆ విశ్వవిద్యాలయం అమెరికా అధికారులు వలపన్ని నడిపిన ఉత్తుత్తి సంస్థ. తొలి విడతలో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులే. వారిలో తెలుగువారి సంఖ్యే అధికం. రెండు సందర్భాల్లోనూ ఎర ఒక్కటే. తరగతులకు వెళ్లకున్నా చదువులో భాగమైన ప్రాక్టికల్ శిక్షణ పేరిట తొలిరోజు నుంచే ఉద్యోగం చేసుకునే వీలు. శిక్షణ అన్న మాటే ఉచ్చు అయింది.

ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు మరో తరహా జాగ్రత్త అవసరం. జపాన్ సాంకేతిక ఇంటర్న్ శిక్షణ పథకంపై 2017 అక్టోబరులో భారత్, జపాన్ అవగాహనకు వచ్చాయి. క్రమపద్ధతిలో వెళ్లినవారికి అది ఉపాధి మార్గమైంది. అయితే శిక్షణ పేరిట చౌక శ్రమగా వాడుకుంటున్నారన్న విమర్శలు జపాన్‌లోనే వెల్లువెత్తడంతో, దాని స్థానంలో 2027 నుంచి కొత్త విధానం తెచ్చేందుకు ఆ దేశం 2024లో చట్టం చేసింది. ఇక 2025 మార్చిలో మయన్మార్ సైబర్ మోసాల కేంద్రాల నుంచి స్వదేశానికి తీసుకువచ్చిన భారతీయుల్లో తెలంగాణ యువకులూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ కొలువన్న మాట నమ్మి అటువైపు వెళ్లి చిక్కుకుపోయినవారెందరో.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లకు 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు సరిచూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించినా మార్గం తెలుస్తుంది. సొమ్ము కట్టడానికి ముందు తల్లిదండ్రులు ఈ కింది ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం కోరడం శ్రేయస్కరం.

* ఆహ్వానిస్తున్న సంస్థ ఏది? దాని అధికారిక చిరునామాకు నేరుగా రాస్తే ధ్రువీకరిస్తుందా?
* ఏ వీసాపై తీసుకెళుతున్నారు? ఆ వీసా శిక్షణకు అనుమతిస్తుందా?
* విద్యార్థి అక్కడ రోజుకు ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, ఏ పని చేస్తాడు?
* ఆ పనికి మన కళాశాల క్రెడిట్లు ఇస్తుందా?
* ఆరోగ్య బీమా ఉందా? వీసా రాకపోతే సొమ్ములో ఎంత వెనక్కి వస్తుంది?

వీటిలో ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా అడుగు వెనక్కి వేయడమే మేలు.

ఎవరేం చేయాలి?

రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫులే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట విదేశీ విద్యానిధి పథకాలు అమలుచేస్తోంది. రూ.20 లక్షల వరకు సాయం అందించే ఈ పథకాలు విదేశాల్లో పూర్తికాలపు ఉన్నత చదువులకు ఉద్దేశించినవి. రెండు మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైన పేద విద్యార్థి విమాన ఛార్జీలు, వీసా ఖర్చు భరించలేక ఆగిపోతే ఇవి అక్కరకు రావు. పూర్తి చదువుకు ఇచ్చే సొమ్ములో కొద్ది వంతుతోనే ఈ లోటు పూడ్చవచ్చు. ప్రతిభతో తెచ్చుకున్న ఆహ్వానపత్రం ఉన్నవారికే పరిమితం చేస్తే దుర్వినియోగానికీ తావుండదు.

పరిశ్రమలదీ బాధ్యతే. కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ప్రపంచ దేశాలకు మందులు ఎగుమతి చేసే ఈ ప్రాంత పరిశ్రమలు, స్థానిక కళాశాలల విద్యార్థులకు తమ నాణ్యత, భద్రత విభాగాల్లో నిజమైన ఇంటర్న్‌షిప్ ఇవ్వగలిగితే సగం విదేశీ శిక్షణ ఇక్కడే పూర్తవుతుంది. విదేశీ తనిఖీ బృందాలు కోరే ప్రమాణాల మధ్య ఆరు నెలలు పనిచేయడం ఏ యాత్రకూ తీసిపోదు.

కళాశాలలు మరొక్క మెట్టు ఎక్కాలి. జాతీయ విద్యావిధానం 2020 ఇంటర్న్‌షిప్‌ను డిగ్రీ చదువులో భాగం చేసింది. దాన్ని సంతకాల తంతుగా మార్చకుండా, అంతర్జాతీయ అవకాశాల గడువులను ఏడాది ముందే నోటీసు బోర్డుపై పెట్టే ఒక అధ్యాపకుడిని నియమించినా ఎంతో మేలు. వెళ్లివచ్చిన విద్యార్థి తాను నేర్చినదాన్ని తరగతిలో చెప్పడం, పక్కనున్న ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి ఒక పూట గడపడం తప్పనిసరి చేయాలి. పాస్‌పోర్టు తీసుకోవడం, పరిచయ లేఖ రాయడం, ఒక విదేశీ భాషలో అక్షరాలు దిద్దుకోవడం వంటివి అప్పు చేయకుండా ఇప్పుడే మొదలుపెట్టగలిగినవి.

మొదట ఊరిలోని చెరువు, వాగు, కర్మాగారం. ఆపై ఇక్రిశాట్, ఐఐటీ వంటి పొరుగు సంస్థ. అటుపైన ఉపకార వేతనంతో విదేశం. ఈ వరుసలో మెట్లెక్కిన విద్యార్థికి అప్పు భారం ఉండదు. వెళ్లిన చోట చేతికి పని ఉంటుంది. పై మెట్టుకు డబ్బుతో ఒక్కసారిగా ఎగరాలనుకున్నవారికి మిగిలేది ఫొటోలు, వాయిదాలు. చీటీ పాడేముందు బీరంగూడ తల్లిదండ్రులు బిడ్డను అడగాల్సిన మాట ఒక్కటే.. అక్కడికి వెళ్లి ఏం చేస్తావు, తిరిగివచ్చి ఏం చూపుతావు? దానికి సూటిగా జవాబు చెప్పగలిగిన నాడు ఆ బిడ్డ ప్రయాణానికి సిద్ధమైనట్లే.